విండోస్ అప్‌గ్రేడ్ తర్వాత గేముల్లో స్క్రీన్ టేరింగ్: వీ-సింక్, వీఆర్‌ఆర్, ఫ్రేమ్ క్యాప్‌లలో మీకు ఏది?

అప్‌గ్రేడ్ సాఫీగానే అయిపోతుంది. ఫైళ్లు ఉన్నచోటే ఉంటాయి, గేములూ తెరుచుకుంటాయి. తీరా ఆడుతూ మౌస్‌ను పక్కకు తిప్పేసరికి స్క్రీన్ మధ్యలో అడ్డంగా కోసినట్టు గీత పడుతుంది. గీతకు పైనున్న గోడ ఒకచోట, కిందున్న గోడ ఇంకోచోట. గ్రాఫిక్స్ కార్డ్ అదే, మానిటర్ అదే, గేమ్ అదే. మారింది విండోస్ ఒక్కటే. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది. దాంతో ఇన్నాళ్లూ వాయిదా వేసినవాళ్లు కూడా 11కి మారుతున్నారు, టేరింగ్ అని పిలిచే ఈ గీత చాలామందికి ఎదురవుతోంది.

ఎదురవగానే ఎక్కువమంది గేమ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి వీ-సింక్, అంటే కార్డ్‌ను మానిటర్ వేగానికి సరిపెట్టే సెట్టింగ్, ఆన్ చేస్తారు. గీత పోతుంది, కానీ మౌస్ బరువెక్కినట్టు ఉంటుంది. సరే అని ఆఫ్ చేసి, డ్రైవర్ (కార్డ్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) సెట్టింగుల ప్యానెల్‌లో ఇంకేదో ఆన్ చేసి, ఎక్కడో చూసిన రిజిస్ట్రీ ట్రిక్ కూడా వేసి, చివరికి ఏది దేనివల్ల జరుగుతోందో అర్థం కాని స్థితికి వస్తారు. నేను చెప్పే పద్ధతి దీనికి తలకిందులు. నిన్నటిదాకా టేరింగ్ లేదంటే, నిన్నటిదాకా ఏదో ఒకటి దాన్ని ఆపుతూ వచ్చింది. అప్‌గ్రేడ్‌లో అది పోయింది. ముందు పోయినదేమిటో కనుక్కుని తిరిగి పెట్టండి. చాలాసార్లు పని అక్కడితో అయిపోతుంది. అప్పటికీ గీత ఉంటేనే ఏ పద్ధతి మంచిదన్న పోలికకు అర్థం ఉంటుంది.

ముందు అది టేరింగేనా చూసుకోండి

మానిటర్ బొమ్మను ఒకేసారి వేయదు. పై వరుస నుంచి కింది వరుస దాకా గీసుకుంటూ వస్తుంది. ఒక బొమ్మ పూర్తవడానికి 60 హెర్ట్జ్ (సెకనుకు 60 సార్లు గీసే) మానిటర్‌కు 16.7 మిల్లీసెకన్లు పడుతుంది, 144 హెర్ట్జ్ మానిటర్‌కు 6.9. గీయడం సగంలో ఉండగా గ్రాఫిక్స్ కార్డ్ కొత్త బొమ్మను, అంటే ఫ్రేమ్‌ను, చేతికిస్తే పైభాగం పాత ఫ్రేమ్‌లోది, కింది భాగం కొత్త ఫ్రేమ్‌లోది అవుతుంది. మీకు కనిపించే కోత అదే. 60 హెర్ట్జ్ మీద గేమ్ 120 ఎఫ్‌పీఎస్ (సెకనుకు 120 ఫ్రేములు) ఇస్తుంటే ఒక్కో రిఫ్రెష్‌కు, అంటే మానిటర్ ఒకసారి గీసేలోపు, సగటున రెండు కోతలు పడతాయి. సరిగ్గా 60కి దగ్గరగా, 61 దగ్గర నడుస్తుంటే ఒకే గీత స్క్రీన్ మీద మెల్లగా పాకుతూ కనిపిస్తుంది. కంటికి ఎక్కువ చిరాకు తెప్పించేది ఈ పాకే గీతే.

అనుమానం ఉంటే ఒక స్క్రీన్‌షాట్ తీసి చూడండి. టేరింగ్ స్క్రీన్‌షాట్‌లో పడదు, ఎందుకంటే కార్డ్ దగ్గర ఫ్రేములు పూర్తిగానే ఉన్నాయి, కోత పడేది వాటిని మానిటర్‌కు పంపే దారిలో. అంటే స్క్రీన్ మీద గీత ఉండి, స్క్రీన్‌షాట్ శుభ్రంగా ఉంటే అది టేరింగే. స్క్రీన్‌షాట్‌లోనూ బొమ్మ విరిగి ఉంటే సమస్య గేమ్‌లోనో, డ్రైవర్‌లోనో, కార్డ్‌లోనో ఉంది. సింక్ సెట్టింగులు ఎన్ని మార్చినా పోదు. ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీసినా తేడా తెలుస్తుంది. అడ్డంగా కోత ఉంటే టేరింగ్. బొమ్మ మొత్తం ఒక్క క్షణం ఆగి ముందుకు దూకితే అది స్టటర్, దాని మందు వేరు.

అప్‌గ్రేడ్ ఏం మార్చి ఉంటుంది

మొదటి అనుమానం రిఫ్రెష్ రేట్, అంటే మానిటర్ సెకనుకు ఎన్నిసార్లు గీస్తుందన్నదాని మీదే పెట్టుకోవాలి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, అక్కడ అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే తెరవండి. మీ మానిటర్ 144 హెర్ట్జ్‌ది అయ్యుండి అక్కడ 60 అని కనిపిస్తే సగం కథ తెలిసిపోయినట్టే. 144 మీద కూడా టేరింగ్ ఉండేదే, కానీ ఒక్కో కోత కంటి ముందు ఉండే సమయం చాలా తక్కువ. ఎఫ్‌పీఎస్ కూడా ఎక్కువగా ఉంటే పక్కపక్క ఫ్రేముల మధ్య తేడా చిన్నది కాబట్టి కోత అంత కొట్టొచ్చినట్టు కనపడదు. 60కి పడిపోగానే ఇన్నాళ్లూ దాగిన గీత బయటపడుతుంది. రెండు మానిటర్లు ఉంటే పై లిస్ట్‌లో రెండోదాన్ని కూడా ఎంచుకుని చూడండి. రిఫ్రెష్ రేట్ ఒక్కో మానిటర్‌కు విడివిడిగా ఉంటుంది.

రెండోది డ్రైవర్. అప్‌గ్రేడ్ సమయంలో విండోస్ అప్‌డేట్ తన దగ్గరున్న డ్రైవర్‌ను వేసేస్తుంది. అది మీరు వాడుతున్నదానికంటే పాతది కావచ్చు. డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ కింద మీ కార్డ్ పేరుకు బదులు మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని ఉంటే అసలు డ్రైవరే లేనట్టు. పేరు సరిగ్గానే ఉన్నా, డ్రైవర్ మారినప్పుడు ప్యానెల్‌లోని మీ సొంత సెట్టింగులు చెరిగిపోవచ్చు. జీ-సింక్ (కార్డ్ వేగాన్ని బట్టి మానిటర్ వేగం మారే వీఆర్‌ఆర్ పద్ధతికి ఎన్‌విడియా పేరు) టిక్ పోవచ్చు, వీ-సింక్ మళ్లీ గేమ్ ఇష్టానికి వెళ్లిపోవచ్చు, గేమ్ వారీగా మీరు పెట్టుకున్న ఫ్రేమ్ క్యాప్‌లు (సెకనుకు ఇన్ని ఫ్రేములే అన్న పరిమితులు) మాయమవచ్చు. ఎప్పుడో ఒకసారి పెట్టి మరిచిపోయిన సెట్టింగులు కాబట్టి, అవి ఉండేవన్న సంగతే చాలామందికి గుర్తు రాదు.

మూడోదాని గురించి తక్కువమంది మాట్లాడతారు గానీ, నాకు అన్నింటికంటే ముఖ్యంగా అనిపించేది ఇదే: ఫ్రేమ్ స్క్రీన్ దాకా వెళ్లే దారి. విండోస్‌లో డెస్క్‌టాప్ మీద కనిపించే విండోలన్నిటినీ ఒకచోట కూర్చి స్క్రీన్‌కు పంపే భాగం ఒకటుంది, పేరు డెస్క్‌టాప్ విండో మేనేజర్. విండోస్ 8 నుంచి దాన్ని ఆఫ్ చేసే వీల్లేదు. పాత డైరెక్ట్‌ఎక్స్ 11 (గేములు బొమ్మలు గీయడానికి వాడే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్) గేమ్‌ను విండోలోనో, బోర్డర్‌లెస్‌లోనో (అంచులు లేకుండా స్క్రీనంతా నిండే విండోలో) ఆడితే దాని ఫ్రేములు ముందు ఈ మేనేజర్ దగ్గరికి కాపీ అయ్యేవి. మేనేజర్ పంపేది ఎప్పుడూ మానిటర్ వేగానికి సరిపెట్టే కాబట్టి అక్కడ టేరింగ్‌కు తావు ఉండేది కాదు. కొంచెం ఆలస్యం మాత్రం కలిసేది. బోర్డర్‌లెస్‌లో పెడితే టేరింగ్ పోతుందని పాతకాలపు సలహా ఒకటి ఉంది కదా, దాని వెనకున్న కారణం ఇదే.

కొత్త పద్ధతిలో, దాన్ని ఫ్లిప్ మోడల్ అంటారు, గేమ్ ఫ్రేములు కాపీ కాకుండా మేనేజర్‌ను దాటి నేరుగా స్క్రీన్‌కు వెళ్లగలవు. ఆలస్యం తగ్గుతుంది. వీఆర్‌ఆర్ విండోలో కూడా పనిచేస్తుంది. దానితోపాటు, గేమ్ వీ-సింక్ లేకుండా నడుస్తూ టేరింగ్‌కు అనుమతి అడిగితే బోర్డర్‌లెస్‌లోనూ కోత పడగలదు. డైరెక్ట్‌ఎక్స్ 12 గేములన్నీ ఈ దారిలోనే వెళ్తాయి. విండోస్ 11లో 22హెచ్2 వెర్షన్ నుంచి ఆప్టిమైజేషన్స్ ఫర్ విండోడ్ గేమ్స్ అనే స్విచ్ వచ్చింది; డైరెక్ట్‌ఎక్స్ 10, 11 గేములను కూడా అది ఈ దారిలోకి మళ్లిస్తుంది. కాబట్టి ఇన్నాళ్లూ బోర్డర్‌లెస్‌లో శుభ్రంగా ఉన్న పాత గేమ్‌లో మాత్రమే ఇప్పుడు కోత కనిపిస్తుంటే, డిస్‌ప్లే కింద గ్రాఫిక్స్ పేజీలో ఈ స్విచ్‌ను చూడండి. అదే పేజీలో గేమ్‌ను జాబితాకు కలుపుకుంటే ఆ ఒక్క గేమ్‌కు మాత్రం దీన్ని ఆఫ్ చేసుకోవచ్చు. గేమ్ ఏ దారిలో వెళ్తోందో కళ్లతో చూడాలంటే ఇంటెల్ ఉచితంగా ఇచ్చే ప్రెజెంట్‌మాన్ టూల్ ఉంది. ప్రెజెంట్ మోడ్ దగ్గర కంపోజ్డ్ అని ఉంటే మేనేజర్ గుండా వెళ్తోందని, హార్డ్‌వేర్ ఇండిపెండెంట్ ఫ్లిప్ అని ఉంటే నేరుగా వెళ్తోందని.

నాలుగోది మానిటర్ సొంత మెనూ. దీన్ని విండోస్ మార్చదు. అయినా ఎందుకు చూడమంటున్నానంటే, అడాప్టివ్ సింక్ లేదా ఫ్రీసింక్ (ఇవీ వీఆర్‌ఆర్ పేర్లే) అన్నది మానిటర్ బటన్లతో తెరిచే మెనూలోనే ఆఫ్‌లో ఉంటే విండోస్‌కు గానీ డ్రైవర్‌కు గానీ ఆ సదుపాయం ఉన్నట్టే తెలియదు. అప్‌గ్రేడ్ గొడవలో కేబుల్ పీకి ఇంకో పోర్ట్‌కు పెట్టినా ఇదే జరుగుతుంది, కొన్ని మానిటర్లలో ఈ సెట్టింగ్ పోర్ట్‌ను బట్టి వేరుగా ఉంటుంది.

ఈ నాలుగూ సరిచేశాక కంప్యూటర్ రీస్టార్ట్ చేసి అదే గేమ్‌లో అదే చోటికి వెళ్లి చూడండి. గీత పోతే కింద చెప్పే పోలికలతో మీకు పని లేదు.

వీఆర్‌ఆర్: ఉంటే ఇదే, వేరే ఆలోచన వద్దు

మిగతా పద్ధతులన్నీ కార్డ్‌ను మానిటర్ కోసం ఆగమంటాయి. వేరియబుల్ రిఫ్రెష్ రేట్ మాత్రం మానిటర్‌నే కార్డ్ కోసం ఆగమంటుంది. ఫ్రేమ్ సిద్ధమైనప్పుడే మానిటర్ గీయడం మొదలుపెడుతుంది కాబట్టి కోతా ఉండదు, అదనపు ఆలస్యమూ దాదాపు ఉండదు. ఎన్‌విడియా జీ-సింక్‌ను 2013లో ప్రకటించింది. మరుసటి ఏడాది డిస్‌ప్లే ప్రమాణాలు రూపొందించే వెసా సంస్థ అడాప్టివ్ సింక్‌ను డిస్‌ప్లేపోర్ట్ ప్రమాణంలో చేర్చింది, ఏఎండీ ఫ్రీసింక్ దాని మీదే నిలబడింది. 2019 జనవరి నుంచి ఎన్‌విడియా కార్డులు కూడా, 10 సిరీస్, ఆ తర్వాతవి, ఫ్రీసింక్ మానిటర్లతో పనిచేస్తున్నాయి. ఎన్‌విడియా కార్డ్, ఫ్రీసింక్ మానిటర్ జోడీ అయితే డిస్‌ప్లేపోర్ట్ కేబులే వాడండి. హెచ్‌డీఎంఐలో అయితే మానిటర్‌కు హెచ్‌డీఎంఐ 2.1 వీఆర్‌ఆర్ ఉండాలి, పాత ఫ్రీసింక్ చాలదు.

విండోస్ గ్రాఫిక్స్ పేజీలో కూడా వేరియబుల్ రిఫ్రెష్ రేట్ అనే స్విచ్ ఉంటుంది. అది జీ-సింక్‌కో, ఫ్రీసింక్‌కో బదులు కాదు. సొంతంగా వీఆర్‌ఆర్ తెలియని డైరెక్ట్‌ఎక్స్ 11 గేముల కోసం ఇచ్చిన అదనపు సాయం. దానితో ఇంకో ఉపయోగం ఉంది. మానిటర్, కార్డ్, డ్రైవర్ మూడూ కుదిరితేనే ఆ స్విచ్ కనిపిస్తుంది. మీ మానిటర్‌కు వీఆర్‌ఆర్ ఉందని తెలిసి కూడా అక్కడ స్విచ్ లేదంటే గొలుసులో ఎక్కడో లంకె తెగిందన్నమాట. మానిటర్ మెనూ, కేబుల్, డ్రైవర్, ఈ వరుసలో వెతకండి.

ఆన్ చేశాక నిజంగా పనిచేస్తోందా అన్నది మానిటర్‌నే అడగండి. చాలా గేమింగ్ మానిటర్ల మెనూలో ప్రస్తుత రిఫ్రెష్ రేట్ చూపించే అంకె ఉంటుంది. ఆ అంకెను స్క్రీన్ మూలన ఉంచి ఆడండి. గోడకు ఎదురుగా నిలబడితే 138 అని, జనం ఉన్న వీధిలోకి వస్తే 92 అని, ఇలా మారుతూ ఉంటే వీఆర్‌ఆర్ బతికే ఉంది. ఎటు తిరిగినా 144 దగ్గరే గడ్డకట్టి ఉంటే ప్యానెల్‌లో టిక్ ఉన్నా లాభం లేదు. ఎన్‌విడియా ప్యానెల్‌లో జీ-సింక్‌ను ఫుల్ స్క్రీన్‌కు మాత్రమే పెట్టి, గేమ్‌ను బోర్డర్‌లెస్‌లో ఆడుతున్నవాళ్లకు ఇలా జరగవచ్చు. విండోడ్, ఫుల్ స్క్రీన్ రెండూ ఉన్న ఆప్షన్ ఎంచుకుంటే సరిపోతుంది.

వీఆర్‌ఆర్‌కు హద్దులున్నాయి, పైనా కిందా. 48 నుంచి 144 హెర్ట్జ్ రేంజ్ ఉన్న మానిటర్ మీద గేమ్ 160 ఎఫ్‌పీఎస్ ఇస్తే వీఆర్‌ఆర్ చేతులెత్తేస్తుంది, కోత మళ్లీ వస్తుంది. వీఆర్‌ఆర్ ఆన్ చేసినా టేరింగ్ పోలేదనేవాళ్లలో ఎక్కువమంది ఇక్కడే ఉంటారు. దీనికి కుదిరిన అమరిక ఇది: డ్రైవర్ ప్యానెల్‌లో వీ-సింక్ ఆన్, గేమ్‌లో వీ-సింక్ ఆఫ్, 144 హెర్ట్జ్‌కు 141 దగ్గర ఫ్రేమ్ క్యాప్. క్యాప్ ఉండటం వల్ల గేమ్ 144ని తాకదు, అందుకే వీ-సింక్ వల్ల వచ్చే ఆలస్యమూ రాదు. ఫ్రేముల మధ్య చిన్న హెచ్చుతగ్గులు వచ్చినప్పుడు మాత్రం అది కాపు కాస్తుంది. గేమ్‌లో ఎన్‌విడియా రిఫ్లెక్స్ (ఆలస్యం తగ్గించే సదుపాయం) ఉండి ఆన్‌లో ఉంటే ఈ అమరికలో అదే 144కి 138 దగ్గర ఆపుతుంది, వేరే క్యాప్ పెట్టనక్కర్లేదు. ఏఎండీ కార్డ్‌తో అయితే ప్యానెల్‌ను ముట్టుకోకుండా గేమ్‌లోని వీ-సింక్‌నే ఆన్ చేసి, క్యాప్ పెట్టుకోవడం నాకు నమ్మకంగా అనిపిస్తుంది.

కింది హద్దు సంగతి కొనేటప్పుడే చూసుకోవాలి. గేమ్ 40 ఎఫ్‌పీఎస్‌కు పడిపోతే మంచి మానిటర్‌లో ప్రతి ఫ్రేమ్‌నూ రెండుసార్లు చూపించి 80 హెర్ట్జ్‌లో నడిపిస్తారు. దీన్ని లో ఫ్రేమ్‌రేట్ కాంపెన్సేషన్ అంటారు. రేంజ్ 48 నుంచి 75 మాత్రమే ఉన్న మానిటర్‌లో 40ని రెట్టింపు చేస్తే 80 అవుతుంది, అది 75 దాటిపోతుంది కాబట్టి ఈ పద్ధతి కుదరదు. అందుకే పై అంకె కింది అంకెకు కనీసం రెట్టింపు ఉండాలి. మీ దగ్గర ఇలాంటి 75 హెర్ట్జ్ మానిటర్ ఉంటే గ్రాఫిక్స్ తగ్గించి 50 కిందికి పడకుండా చూసుకోవడమే ఉపాయం.

వీఏ, ఓఎల్‌ఈడీ రకం స్క్రీన్లలో వీఆర్‌ఆర్ ఆన్ చేస్తే చీకటి దృశ్యాల్లో, లోడింగ్ స్క్రీన్ల మీద వెలుగు మినుకుమినుకుమనడం కొందరు చూస్తారు. రిఫ్రెష్ రేట్ ఒక్కసారిగా ఎగిరిపడినప్పుడు స్క్రీన్ వెలుగు కొద్దిగా మారడం దీనికి కారణం. ఫ్రేమ్ రేట్ నిలకడగా ఉండేలా క్యాప్ తగ్గిస్తే చాలావరకు తగ్గుతుంది. ఆ ఒక్క గేమ్‌కు వీఆర్‌ఆర్ ఆపేసినా తప్పేం లేదు.

వీఆర్‌ఆర్ లేని మానిటర్ అయితే

ఇక్కడ అన్నీ రాజీలే. కోత, ఆలస్యం, కుదుపు, ఈ మూడింట్లో మీకు ఏది తక్కువ బాధో అది ఎంచుకోవాలి.

కథ నడిపే గేములు, కార్ రేసులు, నింపాదిగా ఆడే స్ట్రాటజీ గేములకు వీ-సింక్ చాలు. కంట్రోలర్‌తో ఆడేవాళ్లకు ఆలస్యం పెద్దగా తెలియదు కూడా. షరతు ఒక్కటే, గేమ్ ఎప్పుడూ మానిటర్ వేగాన్ని అందుకోగలగాలి. మామూలు డబుల్ బఫర్ వీ-సింక్‌లో (ఒక ఫ్రేమ్ చూపిస్తుండగా ఇంకొకటి మాత్రమే తయారయ్యే పద్ధతిలో) ఫ్రేమ్ 16.7 మిల్లీసెకన్ల గడువు దాటితే తర్వాతి రిఫ్రెష్ దాకా ఆగాల్సిందే. మీ కార్డ్ 58 ఇవ్వగలిగినా స్క్రీన్ మీద 30 కనిపిస్తుంది. 60కీ 30కీ మధ్య ఊగుతుంటే టేరింగే నయమనిపిస్తుంది. నీడలు, రిఫ్లెక్షన్లు ఒక మెట్టు తగ్గించి 60కి పైన కొంత ఊపిరి మిగుల్చుకోండి. మూడో ఫ్రేమ్‌కు కూడా చోటిచ్చే ట్రిపుల్ బఫరింగ్ ఈ పడిపోవడాన్ని తగ్గిస్తుంది, గేమ్‌లో ఆ ఆప్షన్ ఉంటే వాడండి. ఎన్‌విడియా ప్యానెల్‌లో కనిపించే ట్రిపుల్ బఫరింగ్ మాత్రం ఓపెన్‌జీఎల్ (డైరెక్ట్‌ఎక్స్ లాంటిదే ఇంకోటి) గేములకే, మిగతావాటిలో దానివల్ల ఏమీ మారదు.

ఎంత తగ్గించినా 60 నిలబడకపోతే ఎన్‌విడియాలో అడాప్టివ్ వీ-సింక్ ఉంది. వేగం అందుకున్నంతసేపు సింక్ చేస్తుంది, అందుకోలేనప్పుడు తనే తప్పుకుంటుంది. భారమైన చోట్ల కాస్త కోత కనిపిస్తుంది, కానీ 30కి దభాలున పడదు. మధ్యస్థంగా ఉండే కార్డులకు నా ఓటు దీనికే.

వీ-సింక్‌లో మౌస్ బరువును తగ్గించే దారి కూడా ఉంది. ఆ బరువు ఎక్కువగా వచ్చేది సింక్ వల్ల కంటే వరుసలో పేరుకుపోయిన ఫ్రేముల వల్ల. 60 హెర్ట్జ్‌లో రెండు ఫ్రేములు క్యూలో ఉంటే 33 మిల్లీసెకన్లు అదనంగా ఆగినట్టే. రివాట్యూనర్ స్టాటిస్టిక్స్ సర్వర్ అనే టూల్‌తో మానిటర్ అసలు వేగానికి ఒక వెంట్రుకవాసి కింద క్యాప్ పెడితే ఆ క్యూ పేరుకోదు. మానిటర్ అసలు వేగం 60.00 అని తేలితే 59.99 అన్నట్టు. ఇక్కడ గుండ్రంగా 59 అని పెట్టకండి. 60 హెర్ట్జ్ మీద 59 ఫ్రేములంటే సెకనుకు ఒక ఫ్రేమ్ రెండుసార్లు కనిపిస్తుంది, కెమెరా మెల్లగా తిప్పినప్పుడు ప్రతి సెకనూ ఒక చిన్న కుదుపు తగులుతుంది.

క్యాప్ ఒక్కటే పెట్టి సింక్ లేకుండా వదిలేస్తే టేరింగ్ పోదు. ఈ అపోహ బాగా పాతుకుపోయింది. కోతల సంఖ్య తగ్గుతుంది, కార్డ్ వేడి తగ్గుతుంది, ఫ్యాన్ మోత తగ్గుతుంది, ఇవన్నీ మంచివే. కానీ సరిగ్గా 60 దగ్గర క్యాప్ పెడితే ఆ ఒక్క గీత దాదాపు ఒకేచోట నిలబడి, లేదా నత్తనడకన పాకుతూ, ముందుకంటే ఎక్కువ కనిపిస్తుంది.

ఎన్‌విడియా ఫాస్ట్ సింక్, ఏఎండీ ఎన్‌హాన్స్‌డ్ సింక్ పేర్లు విని ఆశపడేవాళ్లున్నారు. కార్డ్‌ను ఆపకుండా పరుగెత్తనిచ్చి, పూర్తయిన ఫ్రేముల్లో తాజాదాన్ని మాత్రం చూపిస్తాయి. గేమ్ మానిటర్ వేగానికి రెండింతలకు పైగా ఇస్తుంటేనే బాగుంటాయి: 60 హెర్ట్జ్ మీద 150, 200 వచ్చే పాత గేములు, తేలికైన గేములు. 80, 90 వచ్చే గేమ్‌లో పెడితే ఏ ఫ్రేమ్ కనిపిస్తుందో, ఏది పోతుందో లెక్క కుదరక కదలిక గతుకులుగా ఉంటుంది. కోత పోయి కుదుపు వచ్చినట్టు అనిపిస్తే కారణం అదే.

రివాట్యూనర్‌లోనే స్కాన్‌లైన్ సింక్ అని ఇంకోటుంది. కోతను ఆపదు గానీ దాన్ని కంటికి కనపడని చోటికి, రెండు రిఫ్రెష్‌ల మధ్య ఖాళీలోకి తోస్తుంది. ఆలస్యం చాలా తక్కువ. కార్డ్ మీద భారం బాగా తక్కువగా ఉండాలి, ఒక్కో గేమ్‌కు అంకె సరిచేసుకుంటూ కూర్చోవాలి. ఓపిక ఉన్నవాళ్లకు మంచి ఫలితమిస్తుంది. మిగతావాళ్లకు నేను సిఫార్సు చేయను.

పోటీ షూటర్ గేములు ఆడేవాళ్లకు, 144 హెర్ట్జ్ లేదా పైన మానిటర్ ఉంటే, వీఆర్‌ఆర్ లేకపోయినా అన్నీ ఆఫ్ చేసి ఆడటమే మేలు. అక్కడ కోత కంటికి అంతగా ఆనదు, ఆలస్యం మాత్రం ప్రతి గురిలోనూ తెలుస్తుంది.

ఏది ఎంచుకున్నా ఒక్కచోటే పెట్టండి. గేమ్‌లో ఒక వీ-సింక్, ప్యానెల్‌లో ఇంకో ఫాస్ట్ సింక్, రివాట్యూనర్‌లో ఒక క్యాప్, గేమ్‌లో మరో క్యాప్ ఉంటే అవి ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి. క్యాప్ అయినా సింక్ అయినా ఎక్కడ పెట్టారో ఒక కాగితం మీద రాసుకుంటే, తర్వాతి పెద్ద అప్‌డేట్ వచ్చి చెరిపేసినప్పుడు తిరిగి పెట్టుకోవడానికి పనికొస్తుంది.

ల్యాప్‌టాప్, రెండు మానిటర్లు, టీవీ, లినక్స్

చాలా గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో రెండు గ్రాఫిక్స్ చిప్‌లు ఉంటాయి, డ్రైవర్లూ రెండు. ఎన్‌విడియాది అప్‌డేట్ చేసి ప్రాసెసర్‌లోని ఇంటెల్ లేదా ఏఎండీ గ్రాఫిక్స్‌ది వదిలేస్తారు. చాలా ల్యాప్‌టాప్‌లలో గేమ్‌ను గీసేది పెద్ద చిప్ అయినా స్క్రీన్‌కు అతికి ఉన్నది చిన్న చిప్, కాబట్టి దాని డ్రైవర్ పాతదైతే వీఆర్‌ఆర్ అక్కడే ఆగిపోతుంది. మక్స్ స్విచ్ (స్క్రీన్‌ను ఏ చిప్‌కు కలపాలో మార్చేది) ఉన్న మోడల్ అయితే తయారీదారు ఇచ్చిన కంట్రోల్ యాప్ అప్‌గ్రేడ్‌లో దెబ్బతిని మళ్లీ హైబ్రిడ్ మోడ్‌కు వెళ్లిందేమో చూడండి. ల్యాప్‌టాప్‌లో జీ-సింక్ పనిచేయాలంటే స్క్రీన్ నేరుగా ఎన్‌విడియా చిప్‌కు కలిసి ఉండాలి. బ్యాటరీ మీద ఆడితే కొన్ని మోడళ్లు వాటంతటవే 60 హెర్ట్జ్‌కు దిగిపోతాయి. కాబట్టి పరీక్షలన్నీ చార్జర్ పెట్టి చేయండి.

రెండు మానిటర్లలో ఒకటి 144, ఒకటి 60 అయితే విండోస్ కీతో పీ నొక్కి ఒకదాన్నే ఉంచి ఆడి చూడండి. ఒక్కదానితో సమస్య లేకపోతే రెండోదాని మీద నడుస్తున్న వీడియోనో, బ్రౌజర్‌నో అనుమానించాలి. టీవీకి కలిపి ఆడేవాళ్లు గేమ్ మోడ్, ఆ హెచ్‌డీఎంఐ పోర్ట్ వీఆర్‌ఆర్ సెట్టింగ్ రెండూ టీవీ మెనూలో చూసుకుంటే చాలు.

లినక్స్‌కు మారినవాళ్లకు, లేదా లినక్స్‌లోనే పెద్ద అప్‌గ్రేడ్ చేసినవాళ్లకు ప్రశ్న ఒక్కటే: లాగిన్ అయింది ఎక్స్11 సెషన్‌లోనా, వేలాండ్‌లోనా (స్క్రీన్ మీద బొమ్మ చూపించే రెండు వ్యవస్థలివి)? వేలాండ్ మొదటి నుంచీ కోత లేని ఫ్రేములనే చూపించేలా కట్టింది. ఎక్స్11లోనే ఉండాల్సి వస్తే ఏఎండీ, ఇంటెల్ డ్రైవర్లకు టేర్‌ఫ్రీ ఆప్షన్, ఎన్‌విడియాకు ఫోర్స్ ఫుల్ కంపోజిషన్ పైప్‌లైన్ ఉన్నాయి.

డ్రైవర్ మార్చడమా, విండోస్ వెనక్కి తిప్పడమా

పై సెట్టింగులేవీ పనిచేయకపోతే డ్రైవర్‌ను తాజాగా వేయాలి. మామూలుగా ఎన్‌విడియా ఇన్‌స్టాలర్‌లో కస్టమ్ ఎంచుకుని క్లీన్ ఇన్‌స్టాలేషన్ టిక్ పెట్టడం సరిపోతుంది; ఏఎండీలో ఫ్యాక్టరీ రీసెట్ ఆప్షన్ ఉంటుంది. దానితోనూ కాకపోతే డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అనే టూల్ పాత డ్రైవర్ ఆనవాళ్లను ఊడ్చేస్తుంది. దాన్ని సేఫ్ మోడ్‌లో నడపాలి. అంతకుముందే కొత్త డ్రైవర్ డౌన్‌లోడ్ చేసి పెట్టుకుని ఇంటర్నెట్ తీసేయాలి, లేదంటే మీరు తుడిచిన మరుక్షణం విండోస్ అప్‌డేట్ వచ్చి తన పాత డ్రైవర్‌ను మళ్లీ వేస్తుంది. అంత శ్రమా వృథా.

ఈ దశలో హార్డ్‌వేర్ యాక్సెలరేటెడ్ జీపీయూ షెడ్యూలింగ్ (కార్డ్ తన పనుల వరుసను తనే చూసుకునే సెట్టింగ్) ఆఫ్ చేయమనే సలహా కూడా తగులుతుంది. టేరింగ్‌కు దానితో నేరుగా సంబంధం లేదు. పైగా డీఎల్‌ఎస్‌ఎస్ ఫ్రేమ్ జనరేషన్‌కు (అదనపు ఫ్రేములు పుట్టించే ఎన్‌విడియా సదుపాయానికి) అది ఆన్‌లో ఉండి తీరాలి. ఆఫ్ చేస్తే గీత పోకపోగా ఉన్న ఫ్రేములు పోతాయి. మల్టీప్లేన్ ఓవర్‌లేను (స్క్రీన్ మీది పొరలను కార్డే కలిపే పద్ధతిని) ఆపే రిజిస్ట్రీ మార్పు కూడా అంతే. బ్రౌజర్‌లో, డెస్క్‌టాప్ మీద కూడా స్క్రీన్ మినుకుమనడమో, నల్లగా మెరవడమో ఉంటే అది వేరే విషయం, గేమ్‌లో కోత ఒక్కదానికి దాని జోలికి వెళ్లకండి.

గీత పోలేదని విండోస్ మొత్తం తుడిచి మళ్లీ వేసుకోవడం ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడమే. అంతకంటే వెనక్కి వెళ్లడం తేలిక: సెట్టింగ్స్‌లో సిస్టమ్, రికవరీ, అక్కడ గో బ్యాక్. అప్‌గ్రేడ్ చేసిన 10 రోజుల్లోపే ఆ బటన్ పనిచేస్తుంది, అదీ డిస్క్ ఖాళీ చేద్దామని విండోస్.ఓల్డ్ ఫోల్డర్‌ను డిలీట్ చేయకపోతేనే. కాబట్టి అప్‌గ్రేడ్ అయిన మొదటి వారంలోనే మీరు రోజూ ఆడే గేములన్నీ ఒకసారి తెరిచి, కెమెరాను వేగంగా అటూ ఇటూ తిప్పి చూసుకోండి. అయితే విండోస్ 10కి తిరిగి వెళ్లడాన్ని నేను ఆఖరి దారిగానే చూస్తాను. సపోర్ట్ అయిపోయిన సిస్టమ్‌లో, పొడిగించిన సెక్యూరిటీ అప్‌డేట్లు తీసుకోకపోతే, భద్రతా లోపాలు పూడవు. గేమ్‌లో ఒక గీత కోసం బ్యాంక్ లాగిన్లు కూడా ఉన్న కంప్యూటర్‌ను అలా వదలడం తగదు. డ్రైవర్‌లోనే లోపమని తేలితే విండోస్ 11లోనే ఉండి, దానికి ముందు వెర్షన్ డ్రైవర్ వేసుకుని, కొత్తది వచ్చేదాకా ఆగండి.